ఆహారం బాగా తగ్గిస్తే పాలు తగ్గాయి: కాన్పు తరువాత బరువు తగ్గడానికి సరైన దారి ఏది?

ప్రశ్న
అడిగినవారు: నిద్రలేని తల్లి

నమస్కారం. నాకు 29 ఏళ్లు, ఎత్తు 158 సెంటీమీటర్లు. నాలుగున్నర నెలల క్రితం సిజేరియన్ అయి పాప పుట్టింది. ఇదే మొదటి కాన్పు. పాపకు పూర్తిగా నా పాలే ఇస్తున్నాను.

గర్భం రాకముందు నా బరువు 62 కిలోలు, కాన్పుకు వెళ్లిన రోజున 79. కాన్పయిన రెండు వారాలకు తూచుకుంటే 71 చూపించింది. మిగిలిన తొమ్మిది కిలోలు కూడా ఇదే ఊపులో మరో నెలకల్లా పోతాయని సంబరపడ్డాను. ఆ తరువాత ముల్లు కదిలింది లేదు. మూడో నెల నిండేనాటికి 70.5 దగ్గర ఆగిపోవడంతో ఓపిక నశించి, ఫోన్‌లోని ఒక యాప్ చెప్పిన ప్రకారం రోజుకు 1200 కేలరీలకు మించకుండా తినడం మొదలుపెట్టాను. మూడు వారాల్లో రెండు కిలోలు తగ్గిన మాట నిజమే. కానీ మూడో వారానికి తలనొప్పి, కళ్లు తిరగడం మొదలయ్యాయి. పాప పాలు తాగిన అరగంటకే మళ్లీ ఏడ్చేది. ఆ నెల టీకాకు తీసుకెళ్లినప్పుడు పాప బరువు పెరగవలసినంత పెరగలేదని అక్కడి నర్సు చెప్పారు. ఆ రోజే ఆ పద్ధతి మానేశాను. పాలు మళ్లీ సరిపడా వస్తున్నాయి, పాప బరువూ పుంజుకుంది, వాటితోపాటు నేను తగ్గిన రెండు కిలోల్లో ఒకటిన్నర తిరిగి వచ్చింది. ఇప్పుడు సరిగ్గా 70 కిలోలు ఉన్నాను.

నా సందేహాలు మూడు. మొదటిది, పాలు తగ్గకుండా బరువు తగ్గడం అసలు సాధ్యమేనా, సాధ్యమైతే రోజుకు ఎంత తినాలి? రెండవది, కిలోల సంగతి పక్కనపెట్టినా పొట్ట మాత్రం ఇంకా ఐదో నెల గర్భిణిలా ముందుకు వచ్చి ఉంది. దానికి ఏ వ్యాయామం చేయాలి, సిజేరియన్ కుట్లు పడినవారు ఎప్పటి నుంచి చేయవచ్చు? మూడవది, నేను అలసిపోయినంతగా ఇతర తల్లులు అలసిపోవడం లేదనిపిస్తోంది, జుట్టు కూడా గుప్పెళ్లతో రాలుతోంది. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నాను. ఇవన్నీ బరువుకు సంబంధించినవేనా, లేక వేరే ఏదైనా ఉందా?

దయచేసి "బిడ్డను చూసుకో, బరువు గురించి ఆలోచించకు" అని మాత్రం చెప్పవద్దు. ఆ మాట ఇప్పటికే చాలామంది చెప్పారు.


జవాబు 1
రాసినవారు: పోషకాహార సలహాదారు

ఆలోచించవద్దని చెప్పను, ఎందుకంటే మీరు అడిగినది అడగవలసిన విషయమే. అయితే లెక్క మొదలుపెట్టిన చోటే ఒక పొరపాటు జరిగింది, దాన్ని ముందు సరిచేయనివ్వండి. కాన్పయిన రెండు వారాల్లో పోయిన ఎనిమిది కిలోల్లో కొవ్వు దాదాపు లేదు. బిడ్డ బరువు ఇంచుమించు మూడు కిలోలు, మాయ అర కిలోకు పైచిలుకు, ఉమ్మనీరు కిలోకు అటూ ఇటూ, కాన్పులో పోయిన రక్తం, వీటికి తోడు గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో చేరిన అదనపు నీరు మొదటి ఒకటి రెండు వారాల్లో మూత్రంగానూ చెమటగానూ బయటికి వెళ్లిపోతుంది. మీరు చూసిన "ఊపు" అదే. అది అక్కడితో ఆగిపోవడం సహజమే తప్ప మీ వైఫల్యం కాదు. మిగిలినదాంట్లో కొంత, పాలివ్వడానికి పనికొస్తుందని శరీరం గర్భకాలంలోనే దాచుకున్న కొవ్వు. అది నెమ్మదిగానే కరుగుతుంది.

ఇప్పుడు 1200 కేలరీల సంగతి. మీ వయసు, ఎత్తు, బరువులను బట్టి, ఇంటి పనులకు మించి శ్రమ లేని రోజున మీ శరీరానికి సుమారు 1900 కేలరీలు కావాలి. మొదటి ఆరు నెలల్లో బిడ్డకు పూర్తిగా తల్లిపాలే ఇస్తే రోజుకు ముప్పావు లీటరు వరకు పాలు తయారవుతాయి, అందుకు దాదాపు 500 కేలరీలు అదనంగా ఖర్చవుతాయి. అంటే మీ అవసరం రోజుకు 2400 దగ్గర ఉంటే, మీరు తిన్నది సరిగ్గా అందులో సగం. ఆ యాప్‌కు మీరు పాలిస్తున్న సంగతి తెలియదు. తెలిసినా చాలా యాప్‌లకు ఆ లెక్క వేయడం రాదు, అది వేరే విషయం. మీకు తగ్గిన రెండు కిలోల్లోనూ కొంత భాగం నీరే అయి ఉంటుంది: ఆహారం ఒక్కసారిగా తగ్గిస్తే కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ అనే రూపంలో నిల్వ ఉన్న చక్కెర ముందుగా ఖర్చయిపోతుంది, ప్రతి గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. తిండి మళ్లీ మొదలుపెట్టగానే ఆ నీరు వెనక్కి వస్తుంది. అందుకే తగ్గినంత సులువుగానే పెరిగింది.

పాలు తగ్గకుండా బరువు తగ్గడం సాధ్యమేనా అన్నదానికి సూటిగానే జవాబు చెప్పవచ్చు. 2000 సంవత్సరంలో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో, అధిక బరువు ఉండి బిడ్డకు పూర్తిగా తమ పాలే ఇస్తున్న తల్లులను రెండు గుంపులు చేసి, కాన్పయిన నాలుగో వారం నుంచి పది వారాల పాటు ఒక గుంపు చేత రోజుకు 500 కేలరీలు తగ్గించి తినిపించి, వ్యాయామం కూడా చేయించారు. వారు వారానికి సుమారు అర కిలో చొప్పున తగ్గారు, బిడ్డల ఎదుగుదలలో మాత్రం రెండు గుంపులకూ తేడా కనిపించలేదు. కాబట్టి వారానికి అర కిలో అన్నది పాలిచ్చే తల్లికి హద్దు అనుకోండి. అంతకంటే వేగంగా తగ్గాలని చూడకండి.

మీ విషయంలో నేనైతే 500 కూడా కాకుండా 300 లేక 400 కేలరీల తగ్గింపుతో మొదలుపెడతాను. ఒకసారి పాలు తగ్గిన అనుభవం ఉంది కాబట్టి జాగ్రత్త మంచిది. అంటే రోజుకు దాదాపు 2000 కేలరీలు. వైద్యుల పర్యవేక్షణ లేకుండా 1800 కంటే కిందికి దిగవద్దు. రెండు వారాలు అలా తిని, పాప రోజుకు ఆరుసార్లు లేదా అంతకంటే ఎక్కువసార్లు మూత్రం పోస్తోందా, తన ఎదుగుదల గీత వెంబడే బరువు పెరుగుతోందా చూసుకోండి. ఈ రెండూ బాగుంటే మీ పాలు బాగున్నట్టే. రొమ్ములు నిండుగా అనిపించడం లేదనో, పిండినప్పుడు తక్కువ వచ్చాయనో కంగారు పడవద్దు, పాలు సరిపోతున్నాయో లేదో వాటిని చూసి చెప్పలేం.

ఏం తినాలన్నది ఎంత తినాలన్నదానికంటే నాకు ముఖ్యంగా తోస్తుంది. పాలిచ్చే మొదటి ఆరు నెలల్లో మాంసకృత్తులు రోజుకు దాదాపు 19 గ్రాములు అదనంగా కావాలి. అవి తగ్గితే కరిగేది కొవ్వు ఒక్కటే కాదు, కండ కూడా. ప్రతి పూట భోజనంలో పప్పుదినుసులు, గుడ్లు, పాలు లేదా పెరుగు, చేపలు, మాంసం వీటిలో మీరు తినేది ఏదో ఒకటి తప్పక ఉండాలి. సగం కంచం కూరగాయలకు వదలండి. తగ్గించవలసినవి తీపి పానీయాలు, బిస్కెట్లు, వేపుళ్లు. నిజం చెప్పాలంటే చాలామంది తల్లుల విషయంలో సమస్య భోజనం దగ్గర ఉండదు, అర్ధరాత్రి పాలిచ్చాక ఆకలి దంచేస్తుంటే చేతికి అందిన తీపి పొట్లం దగ్గర ఉంటుంది. పాలిచ్చే తల్లికి ఆకలి ఎక్కువ కావడం సహజం, దాన్ని అణచాలని చూడకండి. గుప్పెడు పల్లీలో బాదంపప్పులో, ఉడికించిన గుడ్డో, ఒక పండో పాలిచ్చే చోటే చేతికందేలా పెట్టుకుంటే ఆ సమస్య సగం తీరుతుంది. నీళ్లు దాహం వేసినంత తాగితే చాలు, అంతకుమించి తాగినందువల్ల పాలు పెరగవు.

"పాలిస్తే బరువు దానంతటదే తగ్గుతుంది" అన్న మాట కొందరి విషయంలోనే నిజమవుతుంది. 500 కేలరీలు ఖర్చయ్యే మాట వాస్తవమే అయినా, పెరిగిన ఆకలి చాలామందిలో వాటిని తిరిగి రాబడుతుంది. కాబట్టి పాలిస్తూ కూడా తగ్గలేదంటే మీలో ఏదో లోపం ఉందని అనుకోనక్కరలేదు. బరువు తగ్గించే టీలు, పొడులు మాత్రం ముట్టుకోకండి. వాటిలో చాలావరకు విరేచనకారులు, కెఫీన్ ఉంటాయి, అందులో కొంత పాలలోకి కూడా వెళుతుంది.


జవాబు 2
రాసినవారు: ఇద్దరు పిల్లల అమ్మ

మీ మూడో ప్రశ్న చదివి రాయకుండా ఉండలేకపోయాను. రెండో కాన్పు తరువాత నా పరిస్థితి అచ్చం ఇలాగే ఉండేది. మొదటి మూడు నెలలు గుండె దడ, చెమటలు, నిద్ర పట్టకపోవడం. అప్పట్లో బరువు కూడా చకచకా తగ్గాను, అందరూ మెచ్చుకున్నారు కూడా. ఐదో నెల నుంచి అంతా తారుమారైంది. మంచం మీద నుంచి లేవాలంటే బరువైన దుప్పటి కప్పుకొని లేస్తున్నట్టు ఉండేది, అందరికీ ఉక్కపోస్తుంటే నాకు చలి వేసేది, మలబద్ధకం పట్టుకుంది, తిన్నా తినకపోయినా బరువు పెరుగుతూ పోయింది. పసిబిడ్డ ఉన్న ఇల్లు కాబట్టి అలసట మామూలేనని నేనూ అనుకున్నాను, మొదట చూసిన వైద్యురాలూ అలాగే అన్నారు. ఏడో నెలలో మరొక వైద్యురాలు రక్తపరీక్ష రాస్తే అది థైరాయిడ్ అని తేలింది.

కాన్పు తరువాత థైరాయిడ్ గ్రంథికి వచ్చే ఈ వాపు నూటికి ఇంచుమించు ఐదుగురు తల్లుల్లో కనిపిస్తుందని అప్పుడే తెలుసుకున్నాను. మొదటి నెలల్లో గ్రంథి హార్మోన్‌ను ఎక్కువగా వదలడం, ఆ తరువాత నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య అది తక్కువపడటం దీని పద్ధతి. కొందరిలో ఈ రెండు దశల్లో ఒకటే కనిపిస్తుంది. ఎక్కువమందికి ఏడాది, ఏడాదిన్నరలో సర్దుకుంటుంది, కొందరికి మాత్రం శాశ్వతంగా మిగిలిపోతుంది. నాకు తొమ్మిది నెలల పాటు లీవోథైరాక్సిన్ అనే థైరాయిడ్ హార్మోన్ మాత్ర ఇచ్చారు. పాలిచ్చే తల్లులు వేసుకోదగిన మందే అది. మాత్ర మొదలుపెట్టాక కిలోలు మంచులా కరిగిపోలేదు, కానీ తిన్నదానికీ తూకానికీ మళ్లీ పొంతన కుదిరింది.

ఒక ముఖ్యమైన సంగతి: మీరు బయోటిన్ వేసుకుంటున్నానన్నారు. జుట్టు మాత్రల్లో ఉండే అధిక మోతాదు బయోటిన్ వల్ల కొన్ని ప్రయోగశాలల్లో థైరాయిడ్ ఫలితాలు తప్పుగా వస్తాయి, లేని జబ్బు ఉన్నట్టూ ఉన్న జబ్బు లేనట్టూ కనిపించవచ్చు. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆ మాత్ర ఆపేసి, వేసుకుంటున్న సంగతి వైద్యులకు తప్పక చెప్పండి. థైరాయిడ్ పరీక్ష అయిన టీఎస్‌హెచ్‌తోపాటు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వను చెప్పేది) కూడా చూపించుకోండి, సిజేరియన్‌లో రక్తం పోయినవారికి రక్తహీనత ఉండడం సాధారణమే. అన్నట్టు, మూడు నాలుగు నెలలప్పుడు జుట్టు రాలడం చాలామంది తల్లులకు జరిగేదే. గర్భంతో ఉన్నప్పుడు రాలకుండా ఆగిన వెంట్రుకలు ఇప్పుడు ఒక్కసారిగా రాలుతాయి, మాత్రలు వేసుకోకపోయినా కొన్ని నెలల్లో మళ్లీ మొలుస్తాయి. కాబట్టి ఒక్క జుట్టును చూసి థైరాయిడ్ అని భయపడకండి, అలసటతో కలిపి చూడండి.


జవాబు 3
రాసినవారు: ఫిజియోథెరపిస్ట్

పొట్ట గురించిన ప్రశ్నకు నేను జవాబు చెబుతాను. కాన్పు కాగానే కిలో వరకు ఉండే గర్భాశయం ఆరు వారాల్లో అరవై, డెబ్బై గ్రాములకు కుదించుకుపోతుంది. నాలుగున్నర నెలలకు పొట్ట ముందుకు ఉండటానికి గర్భాశయం కారణం కాదు. మిగిలే కారణాలు రెండు: ఒకటి కొవ్వు, రెండవది పొత్తికడుపు కండరాలు మధ్యలో విడిపోయి ఉండడం. రెండవదాన్ని కొవ్వు అనుకొని నెలల తరబడి కడుపు మాడ్చుకునే తల్లులను నేను ప్రతి వారం చూస్తుంటాను.

మీరే పరీక్షించుకోవచ్చు. వెల్లకిలా పడుకొని మోకాళ్లు మడిచి, పాదాలు నేలకు ఆనించండి. ఒక చేతి వేళ్లను బొడ్డు మీద అడ్డంగా పెట్టి, తలను, భుజాలను కొద్దిగా మాత్రమే పైకి లేపండి. రెండు పక్కల కండరాల అంచులు వేళ్లకు తగులుతాయి. వాటి మధ్య ఎన్ని వేళ్లు పడుతున్నాయో, వేళ్లు ఎంత లోతుకు దిగుతున్నాయో చూడండి. బొడ్డుకు పైన నాలుగైదు సెంటీమీటర్ల దగ్గర ఒకసారి, కింద ఒకసారి మళ్లీ చూడండి. రెండు వేళ్లకు మించిన ఎడం ఉన్నా, తల లేపినప్పుడు పొట్ట మధ్యలో గట్టులా ఉబ్బి పైకి లేచినా కండరాలు ఇంకా కలవలేదని అర్థం. ఇది అరుదైన విషయమేమీ కాదు. 2016లో వెలువడిన ఒక నార్వే అధ్యయనంలో 300 మంది తొలి కాన్పు తల్లులను పరిశీలిస్తే, ఆరు వారాలకు నూటికి 60 మందిలో, ఆరు నెలలకు 45 మందిలో, ఏడాదికి కూడా దాదాపు 33 మందిలో ఈ ఎడం కనిపించింది.

ఎడం ఉన్నంతకాలం పడుకొని లేచే సిట్-అప్స్, రెండు కాళ్లూ ఒకేసారి పైకెత్తడం లాంటి వ్యాయామాలు చేసేటప్పుడు పొట్ట ఉబ్బుతుంటే వాటిని పక్కన పెట్టండి. పొట్ట తగ్గాలని అందరూ ముందుగా మొదలుపెట్టేవి అవే కావడం విచారకరం. ఊపిరితో మొదలుపెట్టండి. పడుకొని ముక్కుతో గాలి పీల్చి, వదిలేటప్పుడు మూత్రాన్ని మధ్యలో ఆపుకుంటున్నట్టుగా కటి కండరాలను లోపలికి, పైకి బిగించి, దాంతోపాటే పొత్తికడుపును వెన్ను వైపు మెల్లగా లాగి, ఐదు సెకన్లు పట్టి ఉంచి వదలండి. పది సార్లు చొప్పున రోజుకు మూడు విడతలు చేయండి. ఇది అలవాటయ్యాక అదే బిగింపుతో ఒక మడమను నేల మీద జారుస్తూ కాలు చాచడం, తరువాత నడుము పైకెత్తడం, తరువాత చేతులు, మోకాళ్ల మీద ఉండి ఎదురెదురు చేయి, కాలు చాచడం. పాపను ఎత్తుకునేటప్పుడు, కుర్చీలోంచి లేచేటప్పుడు, దగ్గేటప్పుడు కూడా ముందు ఊపిరి వదులుతూ కటి కండరాలు బిగించండి. పడుకున్నచోటు నుంచి లేచేటప్పుడు నిటారుగా కాకుండా పక్కకు ఒత్తిగిలి లేవండి. రోజుకు ముప్పై సార్లు చేసే పనిలో పద్ధతి మార్చుకుంటే అదే పెద్ద వ్యాయామం.

కుట్ల విషయానికి వస్తే, సిజేరియన్ గాయం పైకి మానినట్టు కనిపించినా లోపలి పొరలు గట్టిపడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది. మీకు ఆ గడువు దాటింది కాబట్టి, వైద్యులు వద్దని చెప్పి ఉంటే తప్ప, నడకకు, పైన చెప్పినవాటికి అడ్డు లేదు. కుట్ల పైభాగంలో స్పర్శ తెలియకపోవడం, దానికి పైన చర్మం మడతలా వేలాడటం మామూలే. ఆ మడత అంతా కొవ్వే అనుకోవద్దు, గాయపు మచ్చ లోపలి పొరలకు అతుక్కొని లాగడం కూడా అందుకు కారణమే. గాయం పూర్తిగా మానింది కాబట్టి రోజుకు ఐదు నిమిషాలు మచ్చ చుట్టూ, తరువాత మచ్చ మీద వేలితో మెల్లగా అన్ని వైపులకూ కదిపితే అది వదులవుతుంది.

నడక విషయంలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు కాన్పయిన తల్లులకు కూడా వారానికి 150 నిమిషాల మధ్యస్థాయి శ్రమను సూచిస్తున్నాయి. దాన్ని ఒకేసారి చేయాలని లేదు, పాప నిద్రపోయినప్పుడు పది నిమిషాల చొప్పున చేసినా లెక్కకు వస్తుంది. పరుగు మాత్రం మూడు నెలలు నిండాక, అది కూడా దగ్గినప్పుడు మూత్రం జారకుండా, యోని వద్ద బరువు దిగుతున్నట్టు అనిపించకుండా ఉంటేనే మొదలుపెట్టాలి. వ్యాయామం వల్ల పాలు తగ్గవు, రుచి మారి బిడ్డ తాగదన్న భయానికీ ఆధారం లేదు. పాలిచ్చిన తరువాత చేస్తే రొమ్ములు తేలికగా ఉండి మీకే హాయిగా ఉంటుంది. పొట్ట బెల్టు నడుముకు ఆసరా ఇస్తుంది, కానీ కొవ్వును కరిగించదు, కండరాలను బలపరచదు. రోజంతా బిగించి ఉంచితే కండరాలు తమ పని మరిచిపోతాయి.

పిక్కలో ఒకవైపే వాపు, నొప్పి, ఊపిరి అందకపోవడం, ఛాతీ నొప్పి, ఆగిపోయిన రక్తస్రావం మళ్లీ మొదలవడం, వీటిలో ఏది కనిపించినా వ్యాయామం ఆపి వెంటనే వైద్యుల దగ్గరకు వెళ్లాలి.


జవాబు 4
రాసినవారు: అనుభవంతో చెబుతున్నాను

ఇంత లెక్క ఎందుకండీ. ఆరో నెల రాగానే పాలు మాన్పించి, అప్పుడు గట్టిగా డైటింగ్ చేస్తే సరిపోతుంది. నేను అలాగే చేశాను, మూడు నెలల్లో పన్నెండు కిలోలు తగ్గాను.


జవాబు 5
రాసినవారు: పోషకాహార సలహాదారు

పాలు ఎప్పుడు మాన్పించాలన్నది తల్లి నిర్ణయం, అందులో నేను జోక్యం చేసుకోను. కానీ బరువు కోసమే మాన్పించడం లెక్కకు కూడా నిలవదు: మాన్పించిన రోజున 500 కేలరీల ఖర్చు ఆగిపోతుంది, ఆకలి మాత్రం వెంటనే తగ్గదు. అప్పుడు బరువు పెరిగే అవకాశం కూడా ఉంటుంది. ఆరు నెలల తరువాత బిడ్డకు ఘనాహారం మొదలైతే పాలు క్రమంగా తగ్గుతాయి, అందుకు తగ్గట్టు మీ ఆహారం కూడా కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ పోవచ్చు. మూడు నెలల్లో పన్నెండు కిలోలంటే వారానికి దాదాపు కిలో. మీకు అది సరిపడి ఉండవచ్చు, కానీ కళ్లు తిరిగి పాలు తగ్గిన తల్లికి దాన్ని సూచించలేను.


ప్రశ్న అడిగినవారి జవాబు
రాసినవారు: నిద్రలేని తల్లి

అందరికీ కృతజ్ఞతలు. ఫిజియోథెరపిస్ట్ గారు చెప్పినట్టు పడుకొని చూసుకున్నాను. బొడ్డు పైన రెండున్నర వేళ్లు పడుతున్నాయి, తల లేపితే మధ్యలో గట్టు కూడా లేస్తోంది. నెల రోజుల నుంచి నేను చేస్తున్నవి సరిగ్గా మీరు వద్దన్న సిట్-అప్స్.

ఇంతకుముందు రాయని రెండు విషయాలు ఇప్పుడు చెప్పాలి. ఏడో నెలలో నాకు గర్భకాలపు మధుమేహం ఉందని తేలింది, మందులు లేకుండా ఆహారంతోనే అదుపులో ఉంచారు. కాన్పయిన మరునాడు చూసి చక్కెర మామూలుగా ఉందన్నారు, ఆ తరువాత మళ్లీ ఏ పరీక్షా చేయించుకోలేదు. రెండవది నిద్ర. పాప రాత్రికి నాలుగైదు సార్లు లేస్తుంది, మొత్తం కలిపినా నాలుగున్నర గంటలకు మించి నిద్ర ఉండదు. ఈ మధ్య కారణం లేకుండా ఏడుపు వస్తోంది. ఇది బరువు గురించిన దిగులేనని అనుకుంటున్నాను.


జవాబు 6
రాసినవారు: ప్రసూతి విభాగంలో పనిచేస్తున్నాను

ఈ రెండు సంగతులతో మీ ప్రశ్న రూపమే మారిపోయింది. గర్భకాలపు మధుమేహం వచ్చినవారు కాన్పయిన 4 నుంచి 12 వారాల మధ్య 75 గ్రాముల గ్లూకోజ్ తాగి రెండు గంటల తరువాత రక్తం ఇచ్చే పరీక్ష చేయించుకోవాలి. మరునాడు మామూలుగా ఉండడం దానికి బదులు కాదు, ఎందుకంటే మాయ బయటికి రాగానే దాని హార్మోన్లు పోయి చక్కెర ఎవరికైనా దిగుతుంది. మీకు గడువు దాటింది కాబట్టి థైరాయిడ్ పరీక్షతోపాటే ఈ వారం చేయించుకోండి. మామూలుగా వచ్చినా ఒకటి నుంచి మూడేళ్లకొకసారి చూపించుకుంటూ ఉండాలి. ఈ మధుమేహం వచ్చిన స్త్రీలకు తరువాతి జీవితంలో టైప్ 2 మధుమేహం వచ్చే అవకాశం రానివారికంటే ఏడు రెట్లకు తక్కువ కాదు.

ఇక్కడే మీ లక్ష్యం గురించి ఒక మాట. మధుమేహం రాకుండా ఆపడం గురించి అమెరికాలో జరిగిన అధ్యయనం డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్‌లో పెట్టుకున్న గురి శరీర బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల శ్రమ. చక్కెర అప్పటికే హద్దుకు దగ్గరగా ఉండి, గతంలో గర్భకాలపు మధుమేహం వచ్చిన స్త్రీలలో ఈ పద్ధతి వల్ల మధుమేహంగా ముదరడం దాదాపు సగానికి తగ్గింది. మీ 70 కిలోల్లో 7 శాతం అంటే ఐదు కిలోలకు కొంచెం తక్కువ. మీరు 62 మీదే చూపు పెట్టుకొని కూర్చున్నారు, కానీ ఆరోగ్యానికి మొదటి పెద్ద లాభం 65 దగ్గరే ఉంది. వారానికి పావు కిలో చొప్పున తగ్గినా ఐదు నెలల్లో అక్కడికి చేరతారు. మిగిలిన మూడు కిలోల సంగతి అప్పుడు చూసుకోవచ్చు.

నిద్ర కూడా బరువులో భాగమే. 2008లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, కాన్పయిన ఆరు నెలలకు రోజుకు ఐదు గంటలు లేదా అంతకంటే తక్కువ నిద్రపోతున్న తల్లులు, ఏడు గంటలు నిద్రపోయినవారికంటే ఏడాదికల్లా ఐదు కిలోలకు పైగా మిగుల్చుకునే అవకాశం బాగా ఎక్కువగా కనిపించింది. నిద్ర చాలనప్పుడు ఆకలి పెరుగుతుంది, అది కూడా తీపి మీదికి, నూనె పదార్థాల మీదికి మళ్లుతుంది. కాబట్టి ఇంట్లో మరొకరు ఉంటే, పాపకు పాలిచ్చిన వెంటనే తేన్పు తెప్పించడం, బట్ట మార్చడం, నిద్రపుచ్చడం వారికి అప్పగించి, రాత్రిలో ఒక్క నాలుగు గంటలైనా తెగకుండా నిద్రపోయే ఏర్పాటు చేసుకోండి. సాయంత్రం అరగంట నడకా, అరగంట నిద్రా, ఈ రెండిట్లో ఒకటే కుదిరే రోజున నేనైతే నిద్రనే ఎంచుకోమంటాను. ఈ మాట ఫిజియోథెరపిస్ట్ గారికి నచ్చకపోవచ్చు.

ఏడుపు గురించి: దాన్ని బరువు ఖాతాలో వేయకండి. కాన్పు తరువాతి మొదటి రెండు వారాల్లో వచ్చే ఏడుపు వేరు, నాలుగో నెలలో వచ్చేది వేరు. వైద్యుల దగ్గరకు వెళ్లినప్పుడు ఎడిన్‌బరో ప్రశ్నావళి అడగండి. పది ప్రశ్నలే ఉంటాయి, ఐదు నిమిషాలు పడుతుంది, కాన్పు తరువాతి కుంగుబాటును గుర్తించడానికి 1987 నుంచి వాడుతున్నది అదే. థైరాయిడ్ తగ్గినా మనసు ఇలాగే కుంగుతుంది కాబట్టి రెండు పరీక్షలూ ఒకేసారి జరగడం మంచిది. మీకు గానీ పాపకు గానీ హాని చేయాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా ఆ రోజే వెళ్లండి, ఇంట్లోవారికి కూడా చెప్పండి.


ప్రశ్న అడిగినవారి జవాబు
రాసినవారు: నిద్రలేని తల్లి

బయోటిన్ ఈ రోజు నుంచే ఆపేశాను. గురువారం పొద్దున పరగడుపున గ్లూకోజ్ పరీక్ష, టీఎస్‌హెచ్, ఫెరిటిన్‌లకు రక్తం ఇస్తున్నాను, అదే రోజు వైద్యురాలిని కూడా కలుస్తాను. పది ప్రశ్నల సంగతి మా వారికి చెప్పాను, తనూ వస్తానన్నారు. రాత్రి పదకొండు నుంచి మూడు వరకు పాలివ్వడం తప్ప మిగతా పనులన్నీ తనే చూస్తారు. యాప్ తీసేశాను. గోడ మీద రాసుకున్న 62 చెరిపి 65 రాశాను. రెండు గంటల పరీక్ష కాబట్టి పాపను కూడా వెంట తీసుకెళ్లాలి, గ్లూకోజ్ తాగాక మధ్యలో పాలివ్వవచ్చా అన్నది ప్రయోగశాలకు ఫోన్ చేసి కనుక్కుంటాను. ఫలితాలు వచ్చాక ఇక్కడే రాస్తాను.